పత్యం చెప్పని మందు

2006 జూలై 10, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు వనపర్తి కేంద్రం నుంచి వచ్చిన రక్తం తాలూకు మొదటి స్లయిడును స్కానరులో పెట్టాము. వారం తిరిగేలోపు ఆ స్లయిడుల మీద ఒక నర్సు ఉద్యోగమూ, ఆమె మంచి పేరూ ఆధారపడే స్థితి వచ్చింది. ఆ వారం సంగతి, దాని పర్యవసానం ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నేను హైదరాబాదులోని ఒక మందుల పరిశోధన సంస్థలో సీనియర్ శాస్త్రవేత్తను. మైక్రోఅర్రే విభాగం నా బాధ్యత. నా కింద ఇద్దరు సహాయకులు, నా పైన పరిశోధన డైరెక్టరు గారు. కీళ్ళవాతానికి తయారైన ఒక కొత్త మందు మనుషుల మీద ఎలా పనిచేస్తుందో పరీక్షించే దశలో ఉంది. ఇందుకోసం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో మూడు ప్రైవేటు దవాఖానలను కేంద్రాలుగా ఎంచుకున్నాము. ఆ ప్రాంతంలో కీళ్ళనొప్పులున్నా ఇంతకుముందు పెద్ద మందులేవీ వాడనివారు ఎక్కువమంది దొరుకుతారన్నది కారణం. గద్వాలలో పని ముందు మొదలైంది, వనపర్తి రెండోది. నాగర్‌కర్నూల్ ఇంకా మొదలు కాలేదు.

మైక్రోఅర్రే అంటే ఏమిటో ఇక్కడ కొంత చెప్పాలి. అది చూడటానికి ఒక మామూలు గాజు పలక, పైన చెప్పిన స్లయిడు అదే. దాని మీద కంటికి ఆనని చుక్కలు వేలకొద్దీ వరుసలు తీరి ఉంటాయి. ఒక్కో చుక్కలో ఒక్కో జన్యువు తాలూకు డీఎన్ఏ ముక్క ఉంటుంది. మనిషి ఒంట్లోని జన్యువులన్నీ అన్నివేళలా పనిచేయవు. ఇల్లంతా ఉన్నా దీపం ఏ గదిలో వెలుగుతున్నదో చూస్తేనే మనుషులు ఎక్కడున్నారో తెలిసినట్టు, ఏ జన్యువు పనిలో ఉందో చూస్తేనే ఒంట్లో ఏం జరుగుతున్నదో తెలుస్తుంది. మేము మందు మొదలుపెట్టకముందు తీసిన రక్తం నుంచి వచ్చిన నమూనాకు ఆకుపచ్చ రంగు, ఎనిమిది వారాల మందు తర్వాత తీసినదానికి ఎరుపు రంగు పట్టించి, రెండింటినీ కలిపి ఒకే పలక మీద పోస్తాము. చుక్క ఎర్రగా వెలిగితే ఆ జన్యువు పని పెరిగినట్టు, ఆకుపచ్చగా వెలిగితే తగ్గినట్టు, పసుపైతే మార్పు లేనట్టు.

రోగుల్లో సగం మందికి అసలు మందు, సగం మందికి అదే రంగు, అదే పరిమాణంలో మందు లేని గోలీ ఇస్తారు. దాన్ని మా క్షేత్ర సిబ్బంది ఉత్త గోలీ అనేవారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ, నర్సుకూ, నాకూ తెలియదు. గణాంక నిపుణుడి దగ్గర మాత్రమే ఆ సంకేతాలు ఉంటాయి. కనుక నేను చూడవలసిన చిత్రం తేలికే: సుమారు సగం మందిలో వాపుకు సంబంధించిన జన్యువులు తగ్గాలి, మిగతా సగంలో ఏమీ కాకూడదు. గద్వాలలో అలాగే వచ్చింది.

వనపర్తిలో అలా రాలేదు. ముప్పై ఆరుగురి రక్తం, మనిషికి రెండు పలకల చొప్పున డెబ్బై రెండు. రెండో పలక ఎందుకంటే, రంగులు చేసే మోసం తెలియడానికి. ఆకుపచ్చ పట్టించినదానికి ఎరుపు, ఎరుపు పట్టించినదానికి ఆకుపచ్చ పట్టించి మళ్ళీ చేస్తాము. రెండు విధాలా ఒకే ఫలితం వచ్చింది. ముప్పై ఆరుగురిలోనూ మార్పు ఉంది. మందు తిననివారు ఒక్కరూ లేనట్టే ఉంది.

బుధవారం డైరెక్టరు గారు నన్ను పిలిచారు. ఆయన ముక్తసరి మనిషి. గోలీల సీసాలు మీద నంబర్లతో వనపర్తి దవాఖాన బీరువాలో ఉంటాయి. వారం వారం వాటిని లెక్కపెట్టి ఇచ్చేది సిస్టర్ మణెమ్మ. ఆమె రోగుల మీద జాలిపడి అందరికీ అసలు మందు సీసాల నుంచే పంచి ఉంటుందని ఆయన అనుమానం. సీసాల మీద గుర్తులు లేవు కదా అంటే, ఎవరికి నొప్పి తగ్గిందో చూసి ఆమె పసిగట్టి ఉంటుందన్నారు. రక్తంలో మందు పాళ్లు కొలిస్తే నిజం తేలుతుంది గానీ ఆ పరీక్ష వేరే ప్రయోగశాలలో జరగాలి, వారాలు పడుతుంది. అనుమానం కలిగిన వారం లోపల, ఇలాంటి పరీక్షల మంచిచెడ్డలు చూసే నైతిక సమితికి రాతపూర్వకంగా చెప్పడం నియమం. ఆ నివేదిక మీద నా సంతకం కావాలి, ఎందుకంటే ఆధారం నా పలకలే. గడువు సోమవారం.

నాకు అభ్యంతరం ఒకటి ఉంది. వనపర్తివారందరూ అసలు మందే తిని ఉంటే, వారి పలకలు గద్వాలలో మందు తిన్న సగం మంది పలకల్లా ఉండాలి. అలా లేవు. వాపు జన్యువులతో పాటు మరో గుంపు జన్యువులు కూడా చాలామందిలో మారాయి. అవి పొగ, విషపదార్థాలు ఒంట్లో చేరినప్పుడు పనిచేసేవి. గద్వాలలో మందు వాటిని ముట్టుకోనే లేదు. ఒకే మందు రెండు ఊళ్ళలో రెండు రకాలుగా ఎందుకు పనిచేస్తుంది? ఈ మాట చెబితే డైరెక్టరు గారు కొంచెం ఆలోచించి, సోమవారం వరకు మీ ఇష్టం అన్నారు.

గురువారం, జూలై 13న వనపర్తి వెళ్ళాను. ముంగారు వానలు పడి రెండు రోజులైంది. ఆముదాలు, వేరుశనగ విత్తే పని మీద జనం ఉన్నారు. దవాఖాన వరండాలో కూర్చున్న రోగులందరూ త్వరగా పంపించమని తొందరపడుతున్నారు.

మణెమ్మకు నేను ఎందుకొచ్చానో ముందే తెలిసినట్టుంది. నలభై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది. నన్ను కూర్చోమనకుండానే బీరువా దగ్గరికి తీసుకుపోయింది.

"ఇగో మేడం తాళంచెవి. ఇగో సీసాలు. నేను గోలీలు మార్చిననుకుంటుండ్రంట గద, మీరే లెక్క జూస్కోండ్రి."

అలా అనుకుంటున్నది నేను కాదని చెప్పాను.

"ఎవరనుకుంటే ఏంది మేడం? గోలీలు మార్చిన సిస్టరని ఒక్కపారి పేరు వడితె ఈ వనపర్తిల నాతోని సూది ఎవడు ఏపిచ్చుకుంటడు? పద్దెనిమిదేండ్లాయె ఈ పని జేయవట్టి."

సీసాల లెక్క సరిపోయింది. కానీ లెక్క సరిపోవడం ఏ విధంగానూ సాక్ష్యం కాదు, పంచిన తర్వాత కూడా లెక్క సరిపోయేలా ఉంచవచ్చు. నేను వరండాలోకి వచ్చి, రోగుల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఏం అడగాలో నాకే తెలియదు.

నా పక్కన కుర్మయ్య అనే అరవై ఏళ్ళ రైతు, అతని భార్య చెన్నమ్మ ఉన్నారు. పేర్లు మార్చాను. రోగి కుర్మయ్య. మాట్లాడేది చెన్నమ్మ.

"పెద్ద డాక్టరువా అమ్మా?" అని అడిగింది.

డాక్టర్ను కాను, రక్తం పరీక్ష చేసేదాన్నని చెప్పాను.

"మా ముసలోని రక్తం నువ్వే జూస్తవా? ఏమున్నదమ్మ అండ్ల, సగం కల్లే ఉంటది."

బెంచీ అంతా నవ్వింది. కుర్మయ్య మొహం అటు తిప్పుకుని, "నలుగురి ముందల గదే మాట," అని గొణిగాడు.

"ఊకో నువ్వు. ఇప్పుడు లేదులే అమ్మా. రెండు నెల్లాయె సుక్క ముట్టక. జర ఒక్క మాట జెప్పు, ఈ మందు ఇంకెన్ని దినాలిస్తరు?"

ఇక అయిపోవచ్చిందని చెప్పాను.

"అయిపోవచ్చిందా!" చెన్నమ్మ నా చేయి పట్టుకుంది. "నీ కాల్మొక్త బిడ్డా, ఇంకో ఆర్నెల్లు ఇయ్యుండ్రి."

నొప్పి అంత తగ్గిందా అని అడిగాను.

"నొప్పి సంగతి నాకేం ఎర్క? కల్లు దుకాణం దిక్కు సూస్తలేడు, బీడీ ముట్టుకుంటలేడు. పొద్దుమూకంగనే ఇంటికొస్తుండు. నలభై ఏండ్ల సంసారంల గిట్ల ఎన్నడన్న ఉన్నడా? గా గోలీ ఎవలు జేసిండ్రో గాని ఆళ్ళకు పున్యముంటది."

బీడీ అనగానే నాకు పొగకు స్పందించే ఆ జన్యువులు గుర్తొచ్చాయి. కుర్మయ్య వైపు తిరిగి, గోలీ వేసుకుంటే బీడీ మీద మనసు పోవడం లేదా అని అడిగాను.

"మనసెందుకు వోదు మేడం, మస్తుగ వోతది," అన్నాడు అతను, నా తెలివికి జాలిపడి. "మందు తినే మనిషి బీడీ తాగుతడా? పత్యం ఉండొద్దా?"

"ఏమేం మానేశారు?"

"బీడీ బంద్. కల్లు బంద్. పులుపు బంద్, వంకాయ బంద్, పుంటికూర బంద్, చేపలు బంద్, యాట మాంసం బంద్."

"ఇవన్నీ మానమని ఎవరు చెప్పారు?"

"ఎవరు జెప్పలే! చెప్పకపాయె కాబట్టే గద గింత తిప్పలు. పత్యం చెప్పిన మందైతె చెప్పినకాడికి మానుకుంటం. వంకాయ తినకు అంటే వంకాయొక్కటే. ఏం జెప్పకుండ ఇచ్చిండ్రంటే గది ఎంత పెద్ద మందో ఏందో. అన్నీ మానుకునుడే."

బెంచీ చివర కూర్చున్న ముసలామె అందుకుంది. "నేనైతె చుట్ట మానిన. మొన్న ఇంట్ల చేపల కూర వండి అందరికి వెట్టి, నేను వాసన జూసుకుంట ఉత్త మజ్జిగల రొట్టె అద్దుకొని తిన్న. ఈ గోలీ పాడుగాను."

లోపలికి వెళ్ళి మణెమ్మను అడిగాను. రోగులు పత్యం గురించి ఆమెను అడిగారా? అందరూ అడిగారంది. ఏం చెప్పావన్నాను.

"దాని గురించి నాకేం జెప్పలే అని చెప్పిన. పుస్తకంల ఉన్నదే చెప్పాలె, ఒక్క మాట ఎక్కువ గావొద్దు తక్కువ గావొద్దని ట్రైనింగుల మీరే జెప్పిండ్రు గద మేడం."

చెప్పాము. ప్రతి కేంద్రంలో రోగులకు ఒకే మాట చేరాలన్నది అధ్యయన నియమం. కేంద్రాలకు మేమిచ్చిన సూచనల పుస్తకంలో ఆహారం గురించి ఒక్క వాక్యం లేదు. మందుకు ఆహార నిబంధనలేవీ లేవు కనుక రాయలేదు. రాయకపోవడాన్ని వనపర్తి జనం అన్నింటికంటే కఠినమైన నిబంధనగా తీసుకున్నారు. మణెమ్మ నియమం అక్షరాలా పాటించడం వల్లనే ఆమె మీదికి అనుమానం వచ్చింది.

మరి గద్వాలలో ఎందుకు రాలేదు? మర్నాడు గద్వాల వెళ్ళి చూశాను. అక్కడి డాక్టరు గారిది బయటికి వినపడే గొంతు. నేను గుమ్మంలో ఉండగానే ఒక రోగిని పంపిస్తున్నారు.

"పత్యం గిత్యం జాన్తా నై! రొట్టె తిను, కూర తిను, కోడి తిను. నా దవాఖానల పత్యమన్నోనికి సూది రెండిస్త!"

"ఆయ్తు సారూ," అంటూ ఆ రోగి బయటికి వచ్చి, గోడవార నిలబడి బీడీ ముట్టించాడు. అతను కర్ణాటక సరిహద్దు పల్లెవాడు. ఆ ముట్టించిన బీడీని నేను ఎంత సంతోషంగా చూశానంటే, అతను దాన్ని వెనక దాచుకున్నాడు. ఆ డాక్టరు గారు ఏ రోగికైనా, ఏ జబ్బుకైనా ముప్పై ఏళ్ళుగా ఆ మాటే చెబుతున్నారట. గద్వాలలో రోగులు తిండి మార్చలేదు, బీడీ మానలేదు. కనుక అక్కడ పలకల మీద కనిపించింది మందు ఒక్కటే. వనపర్తిలో కనిపించింది ప్రధానంగా పత్యం.

శనివారం డైరెక్టరు గారికి ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. బాగుంది, కానీ ఇది కథ, ఆధారం కాదు అన్నారు. ఆ మాట న్యాయమైనదే.

ఆధారం పలకల్లోనే ఉండాలి. పొగకు స్పందించే జన్యువులు వనపర్తివారిలో చాలామందిలో మారాయి గానీ అందరిలో మారలేదు. ఆ తేడాకు కారణం మాకు అంతవరకు తెలియలేదు. నా అనుమానం నిజమైతే, ఆ జన్యువులు మారనివాళ్ళు మొదటినుంచీ పొగ తాగనివాళ్ళై ఉండాలి. అందుచేత ఇలా ఏర్పాటు చేశాను. నా సహాయకుడు పలకలు చూసి, మార్పు లేనివారి నంబర్లు రాసి కవరులో పెట్టాలి. మణెమ్మ పలకల సంగతి ఏమీ తెలియకుండా, ఎన్నడూ పొగ తాగనివారెవరో రోగులను అడిగి, ఆ నంబర్లు సోమవారం పొద్దున ఫోనులో నేరుగా డైరెక్టరు గారికే చెప్పాలి. మధ్యలో నేను ఉండకూడదు.

విత్తనాల రోజుల్లో ఒక్క ఆదివారంలో ముప్పై ఆరుగురిని పట్టుకోవడం మామూలు పని కాదు. మణెమ్మ ఆటో మాట్లాడుకుని పల్లెలు తిరిగింది. కొందరిని చేలల్లోనే అడిగింది.

సోమవారం పదిన్నరకు డైరెక్టరు గారు ఫోను పెట్టేసి కవరు విప్పారు. మణెమ్మ చెప్పిన నంబర్లు పదిహేను. కవరులో ఉన్నవి పద్నాలుగు. ఆ పద్నాలుగూ ఆమె పదిహేనులో ఉన్నాయి. మిగిలిన ఒక్క నంబరు రాములు అనే భజన మండలి పెద్దాయనది. అతను పొగ తాగనని చెప్పాడు, పలక మాత్రం తాగి మానినవాడని చెబుతున్నది.

డైరెక్టరు గారు ఆ నంబరు మీద వేలు పెట్టి నా వైపు చూశారు. మణెమ్మకు మళ్ళీ ఫోను చేసి, ఆ ఒక్కరిని ఎక్కడ, ఎవరి ముందు అడిగిందని మాత్రం అడిగాను. ఇంట్లో, భార్య ముందు అంది. మరొకసారి ఒంటరిగా అడగమన్నాను. మధ్యాహ్నం ఆమె ఫోను చేసినప్పుడు నవ్వు ఆపుకోలేకపోతున్నది.

"మేడం, మీ అద్దం పలకకు దండం. చేన్ల మోటరు కాడ దినానికో బీడీ కట్ట కొడుతుండెనంట! ఇంట్ల తెల్వదు, భజన కాడ తెల్వదు. నీకెట్ల తెలిసిందని గజగజ వణికిండు. రక్తం జెప్పింది పెద్దయ్యా అన్న. ఎవ్వరికి జెప్పకు బిడ్డా అని చేతులు వట్టుకుండు."

డైరెక్టరు గారు నవ్వడం నేను ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి చూడటం. నివేదికలో మణెమ్మ మీద అనుమానం రాయలేదు. కేంద్రాల మధ్య ఆహార అలవాట్లు వేరైనందువల్ల తేడా వచ్చిందని, రక్తంలో మందు పాళ్ల పరీక్ష ఫలితం రావలసి ఉందని రాసి సంతకం చేశాను. ఆగస్టు చివర ఆ ఫలితం వచ్చింది. సంకేతాలు విప్పి చూస్తే, ఉత్త గోలీ వేసుకున్న ఒక్కరి రక్తంలోనూ మందు జాడ లేదు. మణెమ్మ ఒక్క గోలీ అటు ఇటు చేయలేదు.

సెప్టెంబరులో నాగర్‌కర్నూల్ కేంద్రం మొదలైంది. ఈసారి పుస్తకంలో "ఈ మందుకు పత్యం లేదు" అన్న వాక్యం చేర్చాము. దాన్ని చదివి వినిపించడానికి మణెమ్మను వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. ఉప్పునుంతల నుంచి వచ్చిన ఒక రైతు శ్రద్ధగా విని, లేచి నిలబడ్డాడు.

"పత్యం లేని మందు మందెట్లైతది సిస్టరమ్మా? నాకొద్దు. పోత."

అతని వెనక మరో నలుగురు లేచారు. గద్వాల డాక్టరు గారి గొంతు మా ఇద్దరిలో ఎవరికీ లేదు. అప్పుడు మణెమ్మతో మాట్లాడి, సమితి అనుమతి తెచ్చుకుని పద్ధతి తిరగేశాము, లేచిపోయినవారిని మళ్ళీ పిలిపించాము. పత్యం ఉంటుంది. బీడీ, కల్లు, పులుపు, మాంసం అందరికీ ఒకేలా బంద్. కానీ అది గోలీతో మొదలు కాదు, గోలీకి పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. మొదటి రక్తం ఆ పదిహేను రోజుల తర్వాత తీస్తాము. రెండు రక్తాల్లోనూ పత్యం సమానంగా ఉంటుంది కనుక, తేడా ఏదైనా వస్తే అది మందుదే.

"మందు తినకముందే పత్యమా?" అన్నాడు ఉప్పునుంతల రైతు. "పెండ్లిగాక ముందే అత్తగారి పోరన్నట్టున్నది." అంటూనే కూర్చున్నాడు. మిగతా నలుగురూ కూర్చున్నారు.

ఫలితం 2007 వేసవిలో తేలింది. మందు పనిచేస్తుంది గానీ వాపు జన్యువుల మీద దాని ప్రభావం, వనపర్తిలో ఉత్త గోలీతో పాటు పత్యం చేసిన ప్రభావం కంటే ఎక్కువ కాదు. సంస్థ ఆ మందును వదిలేసింది. నేను డైరెక్టరు స్థానంలో ఉన్నా అదే చేసేదాన్ని.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. మైక్రోఅర్రే ప్రశ్న వేసేవాడి మనసులో ఉన్నదాన్ని కొలవదు, రక్తంలో ఉన్నదాన్ని కొలుస్తుంది. మందు ఇచ్చిన రోజుల్లో మనిషి ఏం తీసుకున్నాడో మేము లెక్కపెట్టాము. ఏం మానుకున్నాడో లెక్కపెట్టలేదు. రెండోది మొదటిదానికంటే పెద్దది కావచ్చు.

పోయినవి: మందు గురించి ఏమీ చెప్పలేని వనపర్తి పలకలు డెబ్బై రెండు, అధ్యయనంలో రెండు నెలల కాలం, చివరకు ఆ మందు. మిగిలినవి: మా ప్రతి అధ్యయన పత్రంలో "మందు మొదలుపెట్టాక ఏమేం మానేశారు?" అన్న ప్రశ్న, పొగ మానిన వనపర్తివారు ఇరవై ఇద్దరిలో, ఏడాది తర్వాత కూడా మళ్ళీ ముట్టని తొమ్మిది మంది (వారిలో కుర్మయ్య లేడు), మణెమ్మ ఉద్యోగం, మణెమ్మ పేరు. మరుసటి అధ్యయనంలో మూడు కేంద్రాలకూ ఆమే పర్యవేక్షకురాలు.